‘లో’ పలకని నోరు

ఫోన్ మోగే వేళకి స్తామేనా ఆ రోజు మూడోసారి కిటికీ మూస్తోంది.

భాష నేర్చుకోవడానికి వచ్చి వాళ్ళింట్లో దిగిన హిల్కా మళ్ళీ తెరిచింది. వీధి వైపుది, పెరటి వైపుది, రెండూ బార్లా. తలస్నానం చేసి, తడి జుట్టుతో, సరిగ్గా ఆ రెండింటి మధ్య కుర్చీ వేసుకుని హోంవర్కు రాసుకుంటోంది. పాదాలు గచ్చు మీద, చెప్పుల్లేకుండా. యాభై రెండేళ్ళ మనిషి. అలా రెండువైపులా కొట్టే గాలికి మెడ పట్టేస్తుందని చిన్నపిల్లకి చెప్పినట్టు వారం నుంచీ చెబుతోంది స్తామేనా. ఫిన్లాండులో మంచు పడుతున్నా కిటికీ తీసుకునే పడుకుంటామని ఆవిడ నవ్వి ఊరుకుంటోంది.

“ఆ చలి వేరు, ఈ గాలి వేరు,” అని గొణుక్కుంటూ స్తామేనా ఫోన్ ఎత్తింది.

“స్తామేనా గారేనా? నేను సెర్బియన్ వేసవి పాఠశాల నుంచి, విదోసావాని.”

స్తామేనా చెయ్యి ఆప్రన్‌కి తుడుచుకుంది. చెయ్యి తడిగా ఏమీ లేదు. “చెప్పండి ప్రొఫెసరు గారూ. హిల్కా ఇంట్లో ఉంది. పొద్దున బజారులో వెళ్ళింది. ఇప్పుడే ఇంట్లో వచ్చింది.”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

“అదేనండీ. సరిగ్గా దాని గురించే,” అంది విదోసావా.

నిన్న క్లాసులో వ్యాసం రాయించారట. ‘నా దినచర్య’ అని. ఆవిడ చదివి వినిపించింది. “‘పొద్దున పాఠశాలలో వెళ్తాను. సాయంత్రం ఇంట్లో వస్తాను. ఆదివారం నది ఒడ్డులో వెళ్ళాను.’ ఇరవై వాక్యాలండీ, పదకొండు తప్పులు. అన్నీ ఒకటే తప్పు. ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇది అంటే, మా ఇంటావిడ ఇలాగే అంటారు అంది.”

స్తామేనా మళ్ళీ చెయ్యి ఆప్రన్‌కి తుడుచుకుంది.

“మిమ్మల్ని తప్పుపట్టడం కాదు. దక్షిణాది యాస నాకూ ఇష్టమే, పాటల్లో ఎంత బావుంటుంది! కానీ వచ్చే శుక్రవారం ఆవిడకి పరీక్ష. మంగళవారం నుంచి ఇంకో ఇంట్లో పెడదామనుకుంటున్నాం. మీ ఎదురిల్లే, పిరోష్కా గారిది. దూరం కూడా కాదు.”

ఫోన్ పెట్టేశాక స్తామేనా కిటికీ దగ్గరే నిలబడిపోయింది. పెరట్లో మిరప మొక్కలకి నీళ్ళు పెడుతున్న బ్లాగోయా తల ఎత్తాడు.

“ఎవరే?”

“బడి వాళ్ళు. హిల్కా మనింటికి ఉండకూడదంట.”

“ఏం పాపం చేశాం?”

“నా నోరు మంచిది కాదంట.”

“నలభై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నా. వాళ్ళు పది రోజులకే కనిపెట్టారు చూడు, చదువంటే అదీ!” అన్నాడు బ్లాగోయా. మొగుడి ముఖం మీద కిటికీ మూసింది స్తామేనా.

సెర్బియన్ భాషకి విభక్తులు ఏడు. స్తామేనా పుట్టిన ఊళ్ళో, దక్షిణాన లెస్కోవత్స్ చుట్టుపక్కల పల్లెల్లో, వాటిలో రెండే బతికి బట్టకట్టాయి. మిగతా ఐదూ ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియదు, పోయాయని ఎవరూ వెతకలేదు. మన మాటల్లో చెప్పుకుంటే, ఆ వైపు వాళ్ళకి ‘కి’ ఉంది, ‘లో’ లేదు. ఊరికి పోతారు, ఊరికి ఉంటారు. కుండకి నీళ్ళు పోస్తారు, ఆ నీళ్ళు కుండకి ఉంటాయి. అక్కడ అందరూ అంతే గనక ఎవరికీ ఏ లోటూ లేదు.

లోటు సంగతి ఉత్తరాన ఈ నోవీ సాద్ నగరానికి వచ్చాకే తెలిసింది. బ్లాగోయాకి రైల్వేలో ఉద్యోగం, ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. మొదటి వారం రొట్టెల కొట్లో అమ్మే మనిషి మర్యాదగానే అడిగింది, కొత్తగా వచ్చారా అని. “అవును, ఇక నోవీ సాద్‌కి ఉంటాం,” అంది స్తామేనా. ఆ మనిషి లోపలికి తిరిగి పిలిచింది: “ఒసేయ్, పిండి వదిలిపెట్టి ఇలా రా. ఈవిడ మాట విను. ఏదమ్మా, ఇంకోసారి అనండి!”

ఆ తర్వాత స్తామేనా ఆ కొట్లో “రొట్టె ఉందా?” అని తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ వాక్యానికి విభక్తితో పనిలేదు. అలాంటివి చాలా పోగుచేసుకుంది. ఎక్కడుంటారు అంటే వీధి పేరు చెప్పి ఆగిపోయేది. ఎవరితో వచ్చారు అంటే “నేనూ, మా ఆయనా” అనేది. చిన్నపిల్లల బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు పని చేసింది. పిల్లలతో చింత లేదు, వాళ్ళకీ విభక్తులు అప్పటికి సరిగా రావు. పెద్దవాళ్ళతో మాట్లాడక తప్పనప్పుడు మాత్రం ‘లో’ని చదువుకున్నవాళ్ళ మాటగా పట్టుకుంది. చప్పటి పులుసులో ఉప్పు చల్లినట్టు, అనుమానం వచ్చిన ప్రతిచోటా చల్లింది. బడిలో ఉన్నా, బడిలో వెళ్తా, బడిలో పంపిస్తా. ఒకసారి కొడుకు తరగతి మీటింగులో లేచి నిలబడి అలా నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చింది. వాడికి తొమ్మిదేళ్ళు. ఆ రాత్రి అన్నం దగ్గర పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు, “అమ్మా, ఈసారి మీటింగుకి నాన్నని పంపు.” నాన్న మాట ఇంకా మోటు. కానీ నాన్న మీటింగుల్లో నోరు విప్పడు.

అలాంటి మనిషి విదేశీ విద్యార్థికి ఇల్లు ఎందుకిచ్చింది అంటే, పిరోష్కా ఫ్రిజ్ చూసి. పిరోష్కా ఆరేళ్ళుగా ఇస్తోంది. జపాను నుంచి, పోర్చుగల్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆమెకి కార్డులొస్తాయి. అన్నీ ఫ్రిజ్ తలుపుకి అంటించి పెట్టింది. స్తామేనా కాఫీకి వెళ్ళినప్పుడల్లా పాలు తీసే నెపంతో ఆ తలుపు రెండుసార్లు తెరుస్తుంది. ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి వసంతంలో స్తామేనా ఫారం తెచ్చుకుంది. ‘మాతృభాష’ అన్నచోట ‘సెర్బియన్’ అని కాగితం చిరిగేంత ఒత్తి రాసింది. అతిథి వచ్చిన రోజు నుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా ఏరుకుంటూ, ‘లో’లు దండిగా వేసి మాట్లాడింది.

దాని ఫలితం ఇరవై వాక్యాలకి పదకొండు తప్పులు.

శనివారం నుంచి స్తామేనా నోటికి తాళం పడింది. హిల్కా ముందు పళ్ళెం పెట్టి “సూప్” అనేది. గొడుగు చూపించి “వాన” అనేది. హిల్కా పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుని కూర్చునేది, రాసుకోవడానికి ఏమీ దొరికేది కాదు.

“నేనేమైనా తప్పు చేశానా?” అని అడిగింది ఆదివారం.

“లేదు.”

“మీకు ఒంట్లో బాగా లేదా?”

“బాగు.”

బ్లాగోయా చెంచా కింద పెట్టాడు. “రైల్వేకి ముప్పై ఐదేళ్ళు చేశాను. సిగ్నల్ స్తంభం కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడేదే. దీపం మార్చి ఏదో ఒకటి చెప్పేది.”

“నువ్వు తిను,” అంది స్తామేనా.

ఆ మధ్యాహ్నం పిరోష్కా కాఫీకొచ్చింది. హంగేరియన్ ఇంటి ఆడపడుచు, ఈ ఊళ్ళోనే పుట్టింది. సెర్బియన్ గడగడా మాట్లాడుతుంది గానీ ఆడా మగా తేడా ఆ నోటికి ఎప్పుడూ పట్టుబడలేదు.

“మా ఆయన నిన్నటి నుంచి మంచం వేస్తోంది పొరుగమ్మా. ఆ పై గదికి రంగు కూడా వేస్తానంటోంది,” అంది. “ప్రొఫెసర్ ఫోన్ చేశాడు కదా, మంగళవారం నీ ఫిన్లాండు ఆవిడ మా ఇంట్లోకి వస్తాడని. దిండు ఎండలో పెట్టాను. నువ్వేమీ అనుకోకు.”

“ఏమనుకుంటా?”

“నీకూ సుఖమేలే. అన్నం తినదు, కిటికీ మూయదు అని నువ్వే కదా అన్నావు.”

అన్నమాట నిజమే. కానీ తన ఇంటి అతిథిని తను తిట్టుకోవడం వేరు, ఎదురింటి దిండు ఎండలో ఆరడం వేరు. పైగా మా ఆయన వేస్తోంది, ప్రొఫెసర్ చేశాడు! ఈ మాటలు విని ఊరంతా మురిసిపోతుంది. పోస్టాఫీసులో అయితే ఇంకోసారి అనిపించుకుని మరీ సంతోషిస్తారు. ఇదే భాషలో పుట్టి, ఇదే భాషలో జోలపాట విన్న తన నోట్లోంచి ఒక్క ముక్క అటూ ఇటూ అయితే మాత్రం పిండి వదిలిపెట్టి వస్తారు. స్తామేనాకి ఒళ్ళు మండిపోయింది. కాఫీ గిన్నెలు కడిగేటప్పుడు ఒకదాని చెవి ఊడింది.

సోమవారం బ్లాగోయా మిరపకాయలు కోశాడు. లావుపాటి ఎర్ర మిరపకాయలు, కారం లేనివి, చలికాలం పచ్చడికి, రెండు బుట్టలు. పెరట్లో ఇనప పొయ్యి వెలిగించారు. స్తామేనా ఒక్కొక్కటే తిప్పుతూ తోలు నల్లబడేదాకా కాల్చి, కుండలో వేసి మూత పెట్టింది. ఆవిరికి తోలు వదులవుతుంది, అప్పుడు వేళ్ళతో ఒలవాలి. హిల్కా తనూ సాయం చేస్తానంది. స్తామేనా కుండ చూపించి, వేళ్ళు చూపించి, “తోలు” అంది. ఇంకో విడత కాయలు తేవడానికి అటు తిరిగింది.

తిరిగొచ్చేసరికి హిల్కా పెరటి కొళాయి కింద మిరపకాయలు కడుగుతోంది. నల్లటి తోలు నీళ్ళలో కొట్టుకుపోతోంది, చేతులకి మసి అంటకుండా. కాలిన వాసనంతా, తీపంతా, ఎర్రటి చారలుగా కాలవలోకి పోతోంది.

“ఒసే నీ చేతులు పడిపోనూ! నీళ్ళకి వేస్తావా? కాల్చింది కడుగుతావా? పొద్దుట్నుంచీ పొయ్యికి తల పెట్టి నేను కాలుస్తుంటే, ఆ రుచంతా కాలవకి ఉంది ఇప్పుడు, పో, ఆ కాలవకే రొట్టె అద్దుకుని తిను! మా అమ్మ చూస్తే కర్ర పుచ్చుకునేది. ఇంత వయసొచ్చింది, తల మీద జుట్టు ఆరదు, కాళ్ళకి చెప్పులుండవు, ఆ నీ బుర్రకి ఏముంది, మంచా?”

ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అప్పుడు తెలిసింది తను ఏం మాట్లాడిందో, ఎలా మాట్లాడిందో. బ్లాగోయా పొయ్యి దగ్గర కర్ర పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

హిల్కా కొళాయి కట్టేసింది. ముఖం వెలిగిపోతోంది. “ఇది,” అంది. “ఫోన్లో మీ చెల్లెలితో మాట్లాడతారు చూడండి, అది ఇదే. నాతో మాట్లాడేది వేరు.”

“ఏది వేరు?”

హిల్కా తడి చేతులు గౌనుకి తుడుచుకుని పుస్తకం తెచ్చింది. పేజీ మధ్యలో గీత గీసి ఉంది. ఎడమవైపు ‘చెల్లెలితో’, కుడివైపు ‘నాతో’. “చెల్లెలితో మాట్లాడేటప్పుడు ‘లో’ అసలు లేదు. నాతో మాట్లాడేటప్పుడు ‘లో’ అన్నిచోట్లా ఉంది. ఏది ఎప్పుడో పది రోజులుగా లెక్క తేలడం లేదు. మా భాషకి పదిహేను విభక్తులండీ. ఒక్క ‘లో’కే మూడు. లోపల ఉంటే ఒకటి, లోపలికొస్తే ఒకటి, బయటికి పోతే ఒకటి. నాకు లెక్క ఉంటే చాలు, ఎంతైనా మోస్తాను. చెల్లెలితో మీరు మాట్లాడే మాటకి లెక్క ఉంది. తప్పు ఎప్పుడూ ఒకచోటే. బడికి పోతా, అది ఒప్పు. బడికి ఉన్నా, అక్కడ నేను దిద్దుకుంటాను. నాతో మాట్లాడినప్పుడు మీ తప్పు పిల్లిలా అటు దూకుతుంది, ఇటు దూకుతుంది. ఎలా పట్టుకోను?”

ఇంత పొడుగు మాట హిల్కా నోట స్తామేనా ఎప్పుడూ వినలేదు. అందులో ‘లో’లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి కాబోలు. తనకి తెలియదు.

“అంటే నేను మంచిగా మాట్లాడదామని చూస్తే నీకు చెడిందంటావు.”

“అవును,” అంది హిల్కా. మొహమాటం అన్నది ఆ దేశంలో పండదేమో.

“ఇన్నాళ్ళూ నోటికి గుడ్డ కుక్కుకున్నావు, వ్యర్థం!” అని పొయ్యి దగ్గర్నుంచి బ్లాగోయా.

“నువ్వు కాయలు చూడు, మాడుతున్నాయి!” అని అరిచింది స్తామేనా. సాయంత్రం దాకా ఆమె నోరు మూతపడలేదు. ఆ కడిగిన మిరపకాయల్ని మూడుసార్లు తిట్టింది. హిల్కా నాలుగు పేజీలు రాసుకుంది.

మంగళవారం పదింటికి విదోసావా సైకిలు మీద వచ్చింది. సన్నటి మనిషి, చెవులకి తాడు కట్టిన కళ్ళజోడు. స్తామేనా పుల్లచెర్రీల పాకం, చెంచా, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. వచ్చింది ఎందుకైనా ముందు నోరు తీపి చేసుకోవాలి. విదోసావా ఒక చెంచా తీసుకుని, నీళ్ళు తాగి, హిల్కా వైపు తిరిగింది.

“సామాను సర్దుకున్నారా?”

“లేదు,” అంది హిల్కా.

“స్తామేనా గారూ, మీరు చెప్పలేదా?”

స్తామేనా నిలబడే ఉంది. చెప్పాల్సింది పొద్దున పక్క మీదే తయారు చేసుకుంది, ప్రమాదం లేని ముక్కలుగా. హిల్కా. ఇల్లు. బాగు. నోరు తెరిచింది. ఆ మూడు ముక్కలూ టెలిగ్రాంలా కనిపించాయి. ఎవరో చచ్చినప్పుడు కొట్టే టెలిగ్రాం. వాటి మీదే చిరాకొచ్చింది.

“హిల్కా ఈ ఇంటికి ఉంది,” అంది. “శుక్రవారం దాకా ఈ ఇంటికే ఉంటుంది.”

“ఇంట్లో,” అంది విదోసావా. ముప్పై ఏళ్ళ అలవాటు. అన్నాక ఆవిడకే ఇబ్బందిగా అనిపించినట్టుంది, ఖాళీ గ్లాసు మళ్ళీ ఎత్తింది.

“మీకు ఇంట్లో. నాకు ఇంటికి. ఇల్లు మాత్రం ఇదే.”

స్తామేనా కుర్చీ లాక్కుని కూర్చుంది.

హిల్కా పుస్తకం తెరిచి బల్ల మీదికి తోసింది. విదోసావా ఎడమవైపు చదివింది, కుడివైపు చదివింది, పేజీ తిప్పి నిన్నటి తిట్లు చదివింది. తిట్ల దగ్గర పెదవి బిగపట్టింది.

“ఇంత శుభ్రంగా దక్షిణం మాట్లాడేవారు, మరి మొదట్లో ఆ ‘బజారులో వెళ్ళింది’ ఎందుకండీ? అది అక్కడిదీ కాదు, ఇక్కడిదీ కాదు.”

“మీలాగా మాట్లాడదామని,” అంది స్తామేనా.

విదోసావా కళ్ళజోడు తీసింది. తాడు మీద అది ఛాతీకి వేలాడింది. ఏదో అనబోయి, జేబులోంచి పెన్సిలు తీసి హిల్కా పుస్తకంలో వేరే చోట ఒక అక్షరం దిద్దింది. “ఇది మీ ఇంటావిడ తప్పు కాదు, మీదే,” అంది హిల్కాతో. తర్వాత స్తామేనా వైపు చూడకుండా, “శుక్రవారం దాకా చూద్దాం,” అని లేచింది.

గేటు దగ్గర సైకిలు ఎక్కుతుంటే ఎదురింటి నుంచి పిరోష్కా కేకేసింది. “ప్రొఫెసర్ వచ్చాడా! రమ్మనండి ఆవిడని, మా ఆయన మంచం వేసేసింది!”

విదోసావా నవ్వేసింది. “ఎంత ముద్దుగా మాట్లాడతారో ఈవిడ,” అంది, గేటు పట్టుకుని నిలబడ్డ స్తామేనాతోనే.

స్తామేనా గేటు వేసిన చప్పుడుకి గోడ మీద పిచ్చుకలు లేచిపోయాయి.

శుక్రవారం హిల్కా నూటికి ఎనభై ఒకటితో గట్టెక్కింది. పోయిన మార్కులు క్రియల దగ్గర పోయాయి, ‘లో’ దగ్గర ఒక్కటీ పోలేదు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పిందీ విదోసావాయే. “వచ్చే ఏడు కూడా ఇస్తారా ఇల్లు?” అని అడిగింది. “కిటికీ మూసే మనిషినైతే పంపండి,” అంది స్తామేనా.

కార్డు అక్టోబరు నెలాఖరుకి వచ్చింది. ఒక చెరువు, దాని చుట్టూ చెట్లు. వెనక చిన్న అక్షరాలు. స్తామేనా కిటికీ దగ్గరికెళ్ళి చదివింది. మీ ఇంట్లో గడిపిన మూడు వారాలు, మీ పెరట్లో కాల్చిన మిరపకాయలు, అన్నీ వ్యాకరణ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. చివరి వరుస మాత్రం: ‘ఇప్పుడు నేను ఇంటికి ఉన్నా. కిటికీలు రెండూ మూసే ఉన్నాయి.’

“చూడు దీన్ని!” అంది స్తామేనా. “మూడు వారాలు బడికి కూర్చుని, పరీక్ష పాసై, ఇదా రాసేది? కవరైనా లేదు. పోస్టుమ్యాను చదివే ఉంటాడు. ఊరంతా నేనే నేర్పాననుకుంటుంది.”

“నువ్వు కాదా?” అన్నాడు బ్లాగోయా.

ఆమె ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, తలుపు మధ్యలో, కళ్ళకి ఎదురుగా కార్డు అంటించింది. అక్షరాలు పైకి ఉండేటట్టు.

బ్లాగోయా మెడ సాచి చూశాడు. “తిరగేసి పెట్టావే. బొమ్మ కనపడొద్దూ?”

“బొమ్మకి ఏముంది,” అంది స్తామేనా, “చెరువు.”